వీగన్ చుట్టానికి సలాడ్ పెట్టి సరిపెట్టొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో క్రిస్మస్ విందు వంటలంటూ మీరు వేసిన రెండు పేజీలూ చదివాను. మటన్ బిర్యానీ, రోస్ట్ చికెన్, ప్లమ్ కేక్, శాకాహారులకి పనీర్ రోల్స్, అన్నీ ఓపిగ్గా కొలతలతో సహా రాశారు. చివరి పేరాలో మాత్రం, మాంసం, గుడ్లు, తేనెతో పాటు పాలూ నెయ్యీ కూడా ముట్టని వీగన్ చుట్టాలు వస్తే వాళ్లకి ఒక సలాడ్ చేసి పెట్టమన్నారు. పండగ పూట ఇంటికి పిలిచిన మనిషి ముందు కీరా ముక్కలు పెట్టమని మన పత్రికలో చదివేసరికి నాకు చాలా కష్టమనిపించింది. అందుకే ఈ ఉత్తరం.

మాది తెనాలి. పెళ్లయ్యాక ఇంగ్లండ్‌లోని లెస్టర్ వచ్చి ఇక్కడే స్థిరపడ్డాం. వృద్ధులు ఉండే ఒక హోమ్‌లో వంట చేస్తాను. కాబట్టి ఇక్కడి క్రిస్మస్ భోజనంలో ఏమేం ఉంటాయో నాకు బాగా తెలుసు. మధ్యలో టర్కీ కోడి ఉంటుంది, చుట్టూ ఉండేవి కూరగాయలే కదా, వీగన్లు అవి తింటారులే అని బయటి నుంచి చూసేవాళ్లు అనుకుంటారు. కానీ బంగాళాదుంపలు చాలా ఇళ్లలో పెద్దబాతు కొవ్వులో కాలుస్తారు. యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్లు, పాలు. స్టఫింగ్‌లో పంది మాంసం. బ్రసెల్స్ స్ప్రౌట్స్ అనే చిట్టి క్యాబేజీల్లో వెన్న వేస్తారు, లేదంటే బేకన్ ముక్కలు కలుపుతారు. పార్స్‌నిప్ దుంపల మీద తేనె పోస్తారు. గ్రేవీ ఏమో టర్కీ నుంచి కారిన రసంతోనే. ఆఖరికి పాత పద్ధతిలో చేసిన క్రిస్మస్ పుడ్డింగ్‌లో కూడా సూయెట్ అని పశువుల మూత్రపిండాల చుట్టూ ఉండే కొవ్వు పడుతుంది. ఇవన్నీ పక్కన పెడితే ప్లేటులో మిగిలేది ఉడికించిన క్యారెట్టే.

మా హోమ్‌లో ఒక పెద్దావిడ ఉన్నారు. ఒకప్పుడు చిన్నపిల్లల టీచరు. నేను చేరకముందు పండగ రోజు ఆవిడ భోజనం అచ్చంగా అదే. క్యారెట్లు, గ్రేవీ లేని దుంపలు. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదట. నేను మా మేనేజర్‌ని అడిగి, ఒక డిసెంబరులో వీగన్ వెల్లింగ్టన్ చేశాను, అంటే పుట్టగొడుగుల ముద్దని పఫ్ పిండిలో చుట్టి కాల్చే రోల్. బంగారు రంగులో పొడుగ్గా పొంగి వచ్చిన ఆ రోల్‌ని ముక్కలు చేయకుండా అలాగే టర్కీ పక్కన పెట్టి, అందరి ముందూ కోశాను. "ఇది నాకోసం చేశావా, మి డక్?" అన్నారావిడ (ఈ ప్రాంతంలో ఆప్యాయంగా అలా పిలుస్తారు). ఆవిడకి అన్నిటికన్నా సంతోషం కలిగించింది ఏమిటంటే, పక్క కుర్చీలో టర్కీ తింటున్న ఆయన తనకీ ఒక ముక్క వేయమని ప్లేటు చాపడం.

వీగన్ మనిషికి తిండి దొరకడం ఒక్కటే కాదు సమస్య. పండగ భోజనంలో అందరూ ఎదురుచూసే వంటకం ఒకటి ఉంటుంది. ఇంటావిడ లోపలి నుంచి పట్టుకొస్తుంటే అందరూ తల తిప్పి చూసేది. ఆ వంటకంలో వాటా లేని మనిషికి కడుపు నిండినా పండగ చేసుకున్నట్టు ఉండదు. సలాడ్‌తో ఆ లోటు తీరదు.

వెల్లింగ్టన్ అంటే అసలు మంచి బీఫ్ ముక్క చుట్టూ పుట్టగొడుగుల ముద్ద రాసి, పఫ్ పిండిలో చుట్టి కాల్చేది. 1815లో వాటర్లూ యుద్ధం గెలిచిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ పేరే దీనికి పెట్టారని చెప్పుకుంటారు. ఆయనే 1799లో నిజాం సైన్యంతో కలిసి శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన ఆర్థర్ వెల్లెస్లీ అని చెబితే మన హైదరాబాద్ వాళ్లకి ఆసక్తిగా ఉంటుంది. పేరు సంగతి అలా ఉంచితే, మాంసం తీసేసినా ఈ వంటకం బాగా నిలబడుతుంది. ఎందుకంటే దీని రుచిలో సగం పుట్టగొడుగులదే, అందం మొత్తం పైనున్న పిండిదే. మన బేకరీ కర్రీ పఫ్‌కి పెద్దన్న అనుకోండి.

మీరు సలాడ్‌కి ఇచ్చిన చోటులో ఇది వేయొచ్చు కాబట్టి ఎలా చేస్తానో రాస్తాను. ఆరుగురికి అరకిలో పైచిలుకు పుట్టగొడుగులు కావాలి. ఇక్కడ గోధుమ రంగువి వాడతాం, మన దగ్గర దొరికే తెల్ల బటన్ రకం కూడా బాగుంటుంది. సన్నగా, దాదాపు రవ్వలా తరగాలి. రెండు ఉల్లిపాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు నూనెలో మగ్గాక, పుట్టగొడుగుల తరుగు, ఉప్పు, థైమ్ ఆకు వేసి వెడల్పాటి మూకుడులో మూత పెట్టకుండా వేయించాలి. అసలు పనంతా ఇక్కడే ఉంది. పుట్టగొడుగులో తొంభై శాతం దాకా నీరే. ముందు నీళ్లు ఊరి కూర పలచగా అయిపోతుంది, ఆ తర్వాత మెల్లగా ఇగురుతుంది. గరిటెతో మధ్యలో గీత గీస్తే అడుగు కనిపించాలి, నీళ్లు మళ్లీ ఆ గీతలోకి రాకూడదు. దీనికి ఇరవై నిమిషాలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు. తొందరపడి దించేస్తే ఆ తడంతా ఓవెన్‌లో పిండి పీల్చుకుని అడుగు మెత్తబడిపోతుంది.

ఇగిరిన ముద్దలో ఒక చెంచా సోయా సాస్, మిరియాల పొడి, ఉడికించి నీళ్లు పూర్తిగా వంపేసిన పొట్టు మసూర్ పప్పు రెండు కప్పులు, ఉడికిన చెస్ట్‌నట్లు చిదిమినవి ఒక కప్పు, కచ్చాపచ్చాగా దంచిన అక్రోట్లు గుప్పెడు, బ్రెడ్ పొడి కలుపుతాను. విడిపోకుండా పట్టి ఉంచడానికి గుడ్డు బదులు ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిని మూడు చెంచాల నీళ్లలో నానబెట్టి వేస్తాను. చేత్తో పిడికిలి పడితే ముద్ద నిలవాలి. చెస్ట్‌నట్లు దొరకని మన ఊళ్లలో పలాస జీడిపప్పు వేసుకుంటే రుచి ఏమీ తగ్గదు. గింజలు పడనివాళ్లు ఎవరైనా ఉన్నారేమో ముందే అడగడం మాత్రం మర్చిపోకూడదు. ఉంటే అన్నిటికీ బదులు పప్పే ఎక్కువ వేయాలి.

ఈ ముద్దని క్లింగ్ ఫిలింలో పెట్టి గట్టిగా పొడుగ్గా చుట్టి, రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టేస్తాను. వేడి తగ్గక ముందే పిండిలో చుట్టకూడదు. పఫ్ పిండిలో ఒక పొర పిండి, ఒక పొర కొవ్వు ఉంటాయి. ఓవెన్ వేడికి పిండిలోని తడి ఆవిరై పొరల్ని పైకి లేపుతుంది. ముందే కొవ్వు కరిగిపోతే పొరలు ఒకదానికొకటి అతుక్కుపోయి లేవవు. అందుకే లోపలిదీ చల్లగా ఉండాలి, పైదీ చల్లగా ఉండాలి. ఇక్కడి షాపుల్లో చుట్టి అమ్మే 320 గ్రాముల షీట్ ఒకటి సరిపోతుంది. వెన్నతో చేసిందని గొప్పగా రాసి ఉండే ఖరీదైన రకం కాకుండా, వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసిన మామూలుది తీసుకోవాలి. పాలు, గుడ్డు లాంటి పద్నాలుగు రకాల ఎలర్జీ పదార్థాల్ని ప్యాకెట్ వెనక విడిగా కనబడేలా ముద్రించాలని ఈ దేశంలో చట్టం ఉంది కాబట్టి చూసుకోవడం తేలిక.

షీట్ మీద కాస్త బ్రెడ్ పొడి చల్లి, దాని మీద ముద్ద పెట్టి, అంచులకి నీళ్లు రాసి చుట్టి, అతుకు కిందికి వచ్చేలా తిప్పాలి. పైన కత్తితో ఏటవాలుగా గాట్లు పెడితే ఆవిరి పోతుంది. గుడ్డు సొన బదులు రెండు చెంచాల సోయా పాలలో కొంచెం నూనె, రెండు చుక్కల మేపుల్ సిరప్ కలిపి రాస్తే చక్కగా రంగు తిరుగుతుంది. మళ్లీ అరగంట ఫ్రిజ్‌లో ఉంచి, ముందే వేడి చేసిన ట్రే మీదికి మార్చి, 200 డిగ్రీల ఓవెన్‌లో నలభై, నలభై అయిదు నిమిషాలు కాల్చాలి. ఫ్యాన్ ఓవెన్ అయితే 180 చాలు. తీశాక పది నిమిషాలు ఆగి, పళ్లున్న బ్రెడ్ కత్తితో కోస్తే ముక్కలు విరగవు. గ్రేవీకి ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, కూరగాయల ఉడుకునీళ్లు, సోయా సాస్, చిటికెడు మైదా చాలు.

ఈ దేశంలో ఉన్న మనవాళ్లకి ఇంకో మాట. ఇంగ్లండ్‌లో క్రిస్మస్ రోజు పెద్ద షాపులు తెరవకూడదని 2004లో చట్టమే చేశారు. పిండి షీట్ మర్చిపోతే ఇరవై అయిదున దొరకడం కష్టం. రోల్ చుట్టి ఇరవై నాలుగు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేసుకుంటే మర్నాడు ఏ టెన్షనూ ఉండదు.

మా అక్క కూతురు చదువుకోడానికి ఈ దేశం వచ్చాక వీగన్ అయింది. సెలవులకి మా ఇంటికే వస్తుంది. ఒకసారి తెలుగువాళ్లందరం కలిసి చేసుకున్న పండగ భోజనానికి తీసుకెళ్లాను. పిలిచినవాళ్లు చాలా మంచివాళ్లు, శాకాహారులకి విడిగా ఒక వరస వంటలు పెట్టారు. కానీ పప్పులో నెయ్యి, పులావులో నెయ్యి, వంకాయ కూరలో పెరుగు, స్వీటు పాలది. మనకి నెయ్యి వేయకపోతే మర్యాద చేసినట్టు ఉండదు కదా. పిల్ల తెల్లన్నంలో ఆవకాయ కలుపుకుని తిని, "పిన్నీ, నాకేం పర్లేదు, ఇదే ఇష్టం" అంది. దానికి ఇరవై రెండేళ్లు. అంత దూరం నుంచి వచ్చిన పిల్ల పండగ రోజు "నాకేం పర్లేదు" అనాల్సి రావడం నాకు బాగా అనిపించలేదు. నిజానికి మన పులిహోర, గోంగూర పచ్చడి, అల్లం గారెలు, కంద వేపుడు, నూనెలో వేయించే ఎన్నో వంటలు నెయ్యి చుక్క పడకపోతే పూర్తిగా వీగనే. పూర్ణం పిండిలో మూసి కజ్జికాయలు చేసే చేతులకి వెల్లింగ్టన్ చుట్టడం కష్టమేమీ కాదు.

ఇదంతా ఏదో కొత్త ఫ్యాషన్ అనుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు. 1944లో యుద్ధం మధ్యలో, సరుకులు రేషన్‌లో ఇస్తున్న రోజుల్లో ఇంగ్లండ్‌లో వీగన్ సొసైటీ మొదలైంది. దాన్ని మొదలుపెట్టినవాళ్లలో ముఖ్యుడు డోనల్డ్ వాట్సన్ చెక్కపని నేర్పే మాస్టారు. ఆయన మొదటి వార్తాపత్రం ఆ నవంబరులో మా లెస్టర్ నుంచే వెలువడింది. 2005లో పోయేనాటికి ఆయన వయసు తొంభై అయిదేళ్లు. ఎనభై ఏళ్లుగా మనుషులు ఇలా బతుకుతున్నారు, పండగలు చేసుకుంటున్నారు. వాళ్లకి ఏం పెట్టాలన్నది మనం ఇప్పటికైనా నేర్చుకోవాలి.

మన రాష్ట్రాల్లో చేసుకునేవాళ్లు రెండు విషయాలు చూసుకోవాలి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉందంటే శాకాహారమని అర్థం, పాలూ వెన్నా లేవని కాదు. 2022లో మన దేశంలో ఆహార ప్రమాణాలు చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు పెట్టి వేరే గుర్తు ఇచ్చింది, అది ఉందేమో చూడాలి, లేకపోతే వెనక రాసిన పదార్థాలు చదవాలి. రెండోది బేకరీ పిండి. పఫ్‌లకి చాలా బేకరీల్లో మార్జరినో వనస్పతో వాడతారు, వెన్న వాడేచోట్లూ ఉన్నాయి. కాల్చని షీట్ ఇస్తారేమో మీ వీధి బేకరీలో అడిగి, ఏ కొవ్వు వేశారో కూడా కనుక్కోండి. ఓవెన్ లేనివాళ్లు చిన్న చిన్న రోల్స్ చుట్టి ఎయిర్ ఫ్రయ్యర్‌లో కాల్చుకోవచ్చు. ఒకటే పెద్ద రోల్ కోసినప్పటి నిండుతనం రాదు గానీ రుచి అదే.

మీకు నా విన్నపం ఇది. సంక్రాంతి వంటల పేజీ ఎలాగూ వేస్తారు. ప్రతి వంట పక్కనా అందులో పాలు, నెయ్యి, గుడ్డు, తేనె ఉన్నాయో లేదో ఒక్క వాక్యం రాయండి. నెయ్యి బదులు నూనెతో చేస్తే బాగుండే వంటలైతే ఆ సంగతీ రాయండి. విందు వంటలు రాసినప్పుడల్లా నలుగురి ముందు కోసి అందరికీ పంచగలిగే వీగన్ వంటకం ఒకటైనా ఉండేలా చూడండి. వెల్లింగ్టన్ కొలతలు గ్రాముల్లో, ఫొటోలతో కావాలంటే మీ వంటల పేజీ చూసేవాళ్లకి రాసి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
లెస్టర్, ఇంగ్లండ్