తోట బేరం ఇప్పుడే వద్దు నాయనా

నాయనా, అమ్మా నువ్వూ బాగుండారా. ఫోన్ చేస్తే నువ్వు తోటలో ఉంటావు, మాట సరిగా వినపడదు, అందుకే రాసి పెడుతుండా, అక్కతో చదివించుకో.

మొన్న రీసెర్చ్ అసిస్టెంట్ పోస్టుకి ఇంటర్వ్యూ అయింది. ప్రొఫెసర్‌కి వచ్చిన గ్రాంట్ డబ్బుల్లోంచే జీతం ఇస్తారు కాబట్టి మనిషిని ఆయనే చూసి తీసుకుంటాడు. ల్యాబ్ పనంతా నిమ్మజాతి చెట్లకొచ్చే గ్రీనింగ్ తెగులు మీద. ఈడ ఫ్లోరిడాలో అది 2005లో బయటపడింది, చిగుళ్ల రసం పీల్చే చిన్న పురుగు ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి అంటిస్తది, పట్టిందంటే నయం చేసే మందు ఇంతవరకూ లేదు. 2003-04లో 24 కోట్ల పెట్టెలు దిగిన బత్తాయి ఇప్పుడు అందులో పదోవంతు కూడా దిగట్లేదంటే ఈ రైతులు ఎంత నలిగిపోయుంటారో చూడు, తోటలు పీకేసి ఇళ్ల ప్లాట్లకి అమ్ముకున్నోళ్లు కూడా ఉండారు.

మార్కులు, ప్రాజెక్టు అడుగుతాడనుకుంటే ఆయన బల్ల మీద రెండు ఆకులు పెట్టాడు. రెండూ పసుపు తిరిగినవే, దేనికి ఏమైందో చెప్పమన్నాడు. నడి ఈనె మీద మడిచి చూశా. ఒకదానికి ఈనెకి అటూ ఇటూ ఒకే మాదిరి పసుపు, ఈనెలు మాత్రం పచ్చగానే ఉండాయి, అది జింకు లోపం, మన పడమటి వరస చెట్లకి వస్తే నువ్వు జింక్ సల్ఫేట్ కొడతావే అదే. రెండోదానికి ఒక పక్క మచ్చలు ఒకలా, ఇంకో పక్క ఇంకోలా, రెండు సగాలకీ పొంతన లేదు. గ్రీనింగ్ అనుకుంటున్నా గానీ పీసీఆర్ అని ఆకులో తెగులు క్రిమి ఉందో లేదో తేల్చే ల్యాబ్ పరీక్ష చెయ్యకుండా ఖాయంగా చెప్పలేనన్నా. ఆ మాట ఆయనకి నచ్చినట్టుంది, ఏదో రాసుకున్నాడు.

తర్వాత గట్టి ప్రశ్న అడిగాడు. ఆ పరీక్షలో ఏ శాంపిలూ వెయ్యకుండా ఉత్త నీళ్లు పెట్టిన గొట్టంలో కూడా తెగులు ఉన్నట్టు చూపిస్తే ఏం చేస్తావు అని. ఆ విడతలో వచ్చిన రిజల్టు ఒక్కటి కూడా లెక్కలోకి తీసుకోను, యాడ కలుషితమైందో వెతికి కొత్త రసాయనాలతో మళ్లీ మొదటినుంచి చేస్తా, అయిందంతా నోట్‌బుక్‌లో రాస్తా అన్నా. నిజంగా అట్టాగే చేస్తా నాయనా, ఒక రైతు చెట్టు కొట్టెయ్యాలా ఉంచాలా అనేది ఆ రిజల్టు మీద ఉంటది.

ఇంగ డబ్బు సంగతి. వస్తే ఫీజు మాఫీ, పైన రెండు వారాలకోసారి జీతం. సెమిస్టర్ నడిచేటప్పుడు వారానికి 20 గంటలకి మించి చెయ్యకూడదు, వీసా రూలు, కాబట్టి చదువుకి ఇబ్బందేం లేదు. ఇంకా వేరేవాళ్లని కూడా చూస్తుండారు, నెలలోపు చెప్తామన్నారు.

అందుకే అడుగుతుండా, నా ఫీజు కోసం ఆ ఎకరం నిమ్మతోట బేరం పెట్టొద్దు. అడ్వాన్స్ తీసుకోవద్దు. తోట అడుగుతున్న పొదలకూరు ఆయన తొందర పెడితే మా అమ్మాయి ఆగమందని నా పేరే చెప్పు. ఒకవేళ ఇది రాకపోతే వేరే ల్యాబుల్లో అడుగుతా, ఈడ బ్యాంకు లోను సంగతి కూడా చూస్తా, అప్పటికీ కుదరకపోతే నేనే ఫోన్ చేసి చెప్తా. ఎట్టాగూ ఎండాకాలం కాయకి రేటుంటది గదా, ఆ కోత అయినా కానీ.