తుపాకీ ఉంది, క్లే ఏదీ?

సంపాదకుల వారికి నమస్కారం.

పోయిన మంగళవారం మీ క్రీడల పేజీలో, ఎడమవైపు అడుగున, రాష్ట్ర స్థాయి షాట్‌గన్ పోటీల వార్త నాలుగు వాక్యాల్లో వచ్చింది. వచ్చినందుకే సంతోషించాను. పక్కనున్న ఫొటో చూసి కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. వార్త ట్రాప్ పోటీ గురించి, అంటే గాల్లోకి లేచే క్లే అనే బిళ్లను ఆరుబయట షాట్‌గన్‌తో కాల్చే ఆట. ఫొటోలో ఉన్నది నాలుగు గోడల మధ్య నిలబడి ఒంటిచేత్తో ఎయిర్ పిస్టల్ చాచిన అమ్మాయి. క్రికెట్ వార్తకు క్యారమ్ బోర్డు ఫొటో వేసి ఉంటే మీ ఫోన్లు సాయంత్రం దాకా మోగేవి. దీనికి ఒక్కరూ చేసి ఉండరు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను లింగంపల్లిలో ముప్ఫై ఏళ్లుగా స్టూడియో నడుపుతున్నాను. పెళ్లిళ్లు, ఓణీల వేడుకలు, పాస్‌పోర్టు ఫొటోలు నా బతుకుతెరువు. పన్నెండేళ్ల కిందట, నేను పెళ్లి ఫొటోలు తీసిన ఒకాయన ఫోన్ చేసి, "మా అమ్మాయికి ఆదివారం గచ్చిబౌలిలో షూటింగ్ ఉంది, నాలుగు ఫొటోలు తీసిపెట్టాలి" అన్నారు. హైదరాబాద్‌లో షూటింగ్ అంటే ఎవరికైనా సినిమానే కదా. లైట్లు, స్టాండ్లు అన్నీ ఆటోలో వేసుకుని వెళ్లాను. కేంద్రీయ విశ్వవిద్యాలయం ఆవరణలో, బండరాళ్ల మధ్య ఉన్న షూటింగ్ రేంజ్ దగ్గర కాపలాదారు నా సరంజామా చూసి నవ్వాడు. ఫ్లాష్ తీసి సంచిలో పెట్టించాడు. పోటీ ముగిసేదాకా ఫ్లాష్ వెలిగించకూడదన్నది అక్కడి నియమం.

ఆ రోజు 340 ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసుకుంటే 300కు పైగా ఖాళీ ఆకాశం. మిగిలినవాటిలో అమ్మాయి వీపు.

ఆట తెలియకుండా ఫొటో రాదని అప్పుడు అర్థమైంది. ట్రాప్‌లో షూటరు నిలబడే చోటికి 15 మీటర్ల ముందు నేలలో ఒక కందకం ఉంటుంది. అందులో బిళ్లలు విసిరే 15 యంత్రాలు, షూటర్లు నిలబడే ఒక్కో స్థానానికి మూడు చొప్పున అమర్చి ఉంటాయి. షూటరు తుపాకీ భుజానికి ఆనించి ఒక అరుపు అరుస్తాడు. ఎదుట ఉన్న మైకు ఆ గొంతు అందుకుని యంత్రాన్ని వదులుతుంది. మూడింట్లో ఏది వదులుతుందో షూటరుకు తెలియదు, నాకూ తెలియదు. ఎడమకో, కుడికో, తిన్నగానో ఒక బిళ్ల గంటకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతో లేస్తుంది. దాని వ్యాసం 110 మిల్లీమీటర్లు, బరువు 105 గ్రాములు. సెకను నిండకముందే తుపాకీ పేలుతుంది. ఆ తర్వాత అక్కడ ఉండేది కాస్త నల్లటి పొడి, అంతే.

రెండో ఆదివారం కూడా నా అవస్థ చూడలేక అక్కడి పెద్ద కోచ్ ఒకాయన దగ్గరికి పిలిచారు. "మాస్టారూ, మీరు చప్పుడు విని నొక్కుతున్నారు. తుపాకీ చప్పుడు మీకు వినపడేసరికి పని అయిపోయింది. అరుపు వినండి" అన్నారు. ఒక్క మాటలో నా పెళ్లిళ్ల విద్య నాకే గుర్తు చేశారు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం కోసం గట్టిమేళం దాకా ఆగే ఫొటోగ్రాఫరుకు దక్కేది బంధువుల చేతులూ అక్షింతలే. పంతులుగారి గొంతు ఎక్కడ ఎత్తుకుంటుందో అక్కడే వేలు సిద్ధం కావాలి. ఇక్కడా అంతే. మనిషి చప్పుడు విని వేలు కదపడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. సీసపు గుళ్లు 35 మీటర్లు దాటడానికి అందులో సగం చాలు. నేను ఎంత చురుకైనవాణ్నైనా చప్పుడు విని గెలవలేను. అందుకే అరుపు వినగానే నొక్కి పట్టుకుంటాను. సెకనుకు పది ఫొటోలు పడితే, అదృష్టం బాగుంటే ఒకదాంట్లో క్లే పగులుతూ కనిపిస్తుంది.

షట్టరు సంగతి కూడా చెప్తాను, మీ కుర్రాళ్లకు పనికొస్తుంది. సెకనులో వెయ్యో వంతుకు క్లే దాదాపు 28 మిల్లీమీటర్లు కదులుతుంది. అంటే దాని వెడల్పులో నాలుగో వంతు. ఫొటోలో అది క్లేలా కాదు, గీతలా పడుతుంది. నాలుగు వేలో వంతుకు పెడితే ఏడు మిల్లీమీటర్లే, అది ఫర్వాలేదు. చప్పుడు రాకుండా ఎలక్ట్రానిక్ షట్టరు వాడదామని ఒకసారి తెలివి ప్రదర్శించాను. స్కీట్‌లో, అంటే రెండు పక్కల గదుల నుంచి క్లేలు ఎగిరే ఇంకో షాట్‌గన్ పోటీలో, తుపాకీ గొట్టం విసురుగా తిరుగుతుంది కదా, ఫొటోలో తుపాకీ అరటి గెల కాడలా వంగి వచ్చింది. ఆ అబ్బాయి ఇప్పటికీ దాన్ని స్నేహితులకు చూపించి నవ్విస్తుంటాడు.

ఇంకో చిక్కు సైజు. 300 మిల్లీమీటర్ల లెన్సు అద్దెకు తెచ్చి తీసినా, 35 మీటర్ల దూరంలోని క్లే నా కెమెరా సెన్సార్ మీద ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. ఫ్రేము వెడల్పేమో 36 మిల్లీమీటర్లు. పైగా మూడు మీటర్ల దూరంలో షూటరు, 35 మీటర్ల దూరంలో క్లే. రెండూ ఒకేసారి స్పష్టంగా రావు. ఎవరి మీద ఫోకస్ పెట్టాలో ముందే తేల్చుకోవాలి. నేను సాధారణంగా షూటరు చెంప మీద పెడతాను. తుపాకీ కర్రకు నొక్కుకున్న ఆ చెంప, మూయని రెండో కన్ను, వాటిలోనే ఈ ఆట అంతా ఉంది. ఒంటికన్ను మూసి గురి చూసేది సినిమాల్లో. వీళ్లలో ఎక్కువమంది రెండు కళ్లూ తెరిచే కాలుస్తారు.

ఎదురుగా నిలబడి ముఖం తీస్తే సరిపోదా అని మీ విలేకరి ఒకాయన నన్ను అడిగారు. ఎదురుగా నిలబడితే ఆ ఫొటో నా సంతాప సభకు పనికొస్తుంది. ఒక్కో తూటాలో 24 గ్రాముల సీసం, 250కి పైగా గుళ్లు ఉంటాయి. కాల్చే గీత దాటి ఎవరూ ముందుకు వెళ్లకూడదు, కెమెరా మెడలో ఉన్నంత మాత్రాన మినహాయింపు లేదు. కాబట్టి మాకు దొరికేది వెనక నుంచి, పక్క నుంచి మాత్రమే. వెలుతురూ మాకు అనుకూలం కాదు. ఈ రేంజ్‌లను షూటరు ఉత్తరానికో ఈశాన్యానికో చూసేలా కట్టాలంటారు. వాస్తు అనుకునేరు, సూర్యుడు కళ్లలో పడకుండా ఉండేందుకు. షూటరుకు హాయి, ఫొటోగ్రాఫరుకేమో ముఖం నీడలో. శీతాకాలం ఉదయం తొమ్మిదిలోపు పక్కవెలుగు దొరికితే నా పండగ.

ఇక మీ వృత్తివారి మీద నాకున్న అసలు ఫిర్యాదు. ఆరేళ్ల కిందట ఒక పత్రికకు (మీది కాదు) నేను పంపిన ఫొటోల్లో నాకు బాగా నచ్చినది ఒకటి ఉంది. షూటరు తుపాకీని మధ్యలో మడిచి తెరిచింది. రెండు ఖాళీ తూటాలు భుజం మీదుగా ఎగురుతున్నాయి, గొట్టాల్లోంచి సన్నటి పొగ. అంత పొగ అంత అందంగా మళ్లీ నాకు దొరకలేదు. రాత్రి పదింటికి డెస్కు నుంచి ఫోన్. "అన్నా, తుపాకీ విరిగిపోయినట్టుంది, బాగున్న తుపాకీతో ఇంకో ఫొటో లేదా?" అని. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అలా మడిచి తెరిచి ఉంచడమే ఈ ఆటలో మర్యాద. తెరిచిన తుపాకీ పేలదు, అది అందరికీ కనపడుతుంది. స్థానంలో నిలబడి కాల్చేటప్పుడు తప్ప తుపాకీ మూసి పట్టుకుని ఎవరూ తిరగరు.

అలాంటి చోట, పతకాల కార్యక్రమం అయ్యాక ఒక ఫొటోగ్రాఫరు పదిహేడేళ్ల అమ్మాయిని "ఇటు తిరిగి నా వైపు గురిపెట్టమ్మా" అని అడగడం నా కళ్లతో చూశాను. ఆ పిల్ల తుపాకీ తెరిచి, చేతి మడతలో వేసుకుని, "కుదరదు అంకుల్" అంది. ఆయన చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. మర్నాడు ఆ పత్రికలో ముఖ్య అతిథి, ఇద్దరు అధికారులు, ఒక పూలగుత్తి వచ్చారు. ఆ అమ్మాయి మోచేయి వచ్చింది.

మాటల విషయంలోనూ ఒక మనవి. "మట్టి పావురాల వేట" అని మీరు శీర్షిక పెట్టిన రోజు మా వదినగారు ఫోన్ చేసి, "ఉదయం మేడ మీద గింజలు వేస్తావు, ఆదివారం పావురాలను చంపే చోటికి పోతావా?" అని నిలదీశారు. ఆవిడ తప్పు లేదు. 1900లో పారిస్ ఒలింపిక్స్‌లో నిజంగానే బతికున్న పావురాలను వదిలి కాల్చారు. అంతకుముందు నుంచీ ఈ ఆటలో బతికున్న పావురాలనే కాల్చేవారు, ఇంగ్లిష్‌లో 'క్లే పిజియన్' అనే పేరులో పావురం మిగిలిపోయింది అందుకే. ఇప్పుడు అందులో పావురమూ లేదు, మట్టీ లేదు. సున్నపురాయి పొడి, తారులాంటి పిచ్ కలిపి అచ్చు పోసిన బిళ్ల అది. రేంజ్‌లో అందరూ క్లే అనో, బర్డ్ అనో అంటారు. మీరూ క్లే అనే రాయండి, పాఠకులకు అలవాటవుతుంది.

మనకు సంబంధం లేని ఆట కాదిది. స్వతంత్ర భారతానికి తొలి వ్యక్తిగత ఒలింపిక్ రజతం తెచ్చింది షాట్‌గనే. 2004లో ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ ఒకేసారి రెండు క్లేలు లేచే డబుల్ ట్రాప్‌లో గెలిచారు. 2016 రియో క్రీడల తర్వాత ఆ విభాగాన్నే ఒలింపిక్స్ నుంచి తీసేశారు, అది వేరే బాధ. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ ట్రాప్‌లో వ్యక్తిగత కాంస్యం, జట్టుతో స్వర్ణం గెలిచాడు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మహేశ్వరి చౌహాన్, అనంత్‌జీత్ సింగ్ నరూకా స్కీట్ మిశ్రమ జట్టు కాంస్యం పోరులో ఓడింది 43-44తో, ఒక్క క్లే తేడాతో. ఆ ఒక్క క్లే ఎంత చిన్నదో, ఎంత త్వరగా పోతుందో పాఠకుడికి చూపించేది ఫొటోయే కదా. అంతర్జాతీయ ఫైనల్స్‌లో వాడే క్లేల్లో రంగు పొడి నింపుతారు. తగిలితే ఆకాశంలో గులాల్ చల్లినట్టు ఉంటుంది. ఏజెన్సీల దగ్గర అలాంటి ఫొటోలు దొరుకుతాయి. మీరేమో తుపాకీని ముద్దుపెట్టుకుంటున్న ఫొటో ఏరి వేస్తారు.

మొదటిసారి వచ్చే మీ కుర్రాళ్లకు నా సలహా: ట్రాప్ వదిలేసి స్కీట్‌తో మొదలుపెట్టండి. అటొక ఎత్తు గది, ఇటొక పొట్టి గది, వాటి మధ్య క్లే వెళ్లే దారి ఎప్పుడూ ఒకటే. తెలియనిది సమయమే, అరిచాక మూడు సెకన్ల లోపు ఎప్పుడైనా రావచ్చు. రెండు గదుల నడుమ ఉండే ఎనిమిదో స్థానం దగ్గరైతే క్లే దాదాపు నెత్తి మీదే పగులుతుంది, లెన్సు పెద్దది అక్కర్లేదు. చెవులకు బిరడాలు, కళ్లకు అద్దాలు మరవద్దు. పెంకులు టోపీ మీద రాలుతాయి. నా కెమెరా పైభాగంలో ఒక గాటు ఉంది, అది వాటి చలవే.

ఈ ఉత్తరంతో మూడు ఫొటోలు జత చేస్తున్నాను. డబ్బు అక్కర్లేదు. వచ్చేసారి ట్రాప్ వార్త వస్తే పిస్టల్ బదులు వీటిలో ఒకటి వాడండి. మూడోదాంట్లో షూటరు వెనక ఇద్దరు పెద్దమనుషులు నిలబడ్డారు, స్థలం చాలకపోతే వాళ్లను కత్తిరించండి, ఏమీ అనుకోరు. కుడివైపు పై మూలన ఒక నారింజ రంగు చుక్క ఉంటుంది. దాన్ని మచ్చ అనుకుని తుడిచేయకండి. అదే క్లే.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫరు,
లింగంపల్లి