మంత్రిగారూ, ఆ టార్గెట్ అంకె ఎక్కడి నుంచి వస్తోందో ఒకసారి అడగండి

రాష్ట్ర కార్మిక శాఖ మంత్రి గారికి, గాజువాక నుంచి నమస్కారం.

విశాఖలో ఒక బట్టల ఫ్యాక్టరీలో ఆరేళ్ళు స్టాప్‌వాచ్ పట్టుకుని కుట్టుమిషన్ల మధ్య తిరిగాను. కంపెనీ పేరు ఇప్పుడు అనవసరం. గంటకు ఇన్ని పీసులు అని లైన్ చివర బోర్డు మీద రాస్తారు చూడండి, ఆ అంకె కట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే ఈ ఉత్తరం ఫిర్యాదూ అనుకోవచ్చు, తప్పు ఒప్పుకోవడమూ అనుకోవచ్చు.

బయటివాళ్ళు ఏమనుకుంటారంటే, వాచ్‌తో టైమ్ తీశారు కదా, ఇక అందులో తేడా ఏముంటుంది అని. ఉంటుంది సార్. ఒకామె కాలర్ అతకడానికి 42 సెకన్లు పట్టిందనుకోండి, అంతవరకే వాచ్ పని. ఆమె మామూలు వేగంతో కుట్టిందా, కంగారుగా కుట్టిందా, నెమ్మదిగా కుట్టిందా అన్నది పక్కన నిలబడ్డవాడు కంటితో చూసి ఒక అంకె వేస్తాడు, దాన్ని రేటింగ్ అంటారు. మామూలు వేగం 100. వేగంగా కుట్టిందని నేను 110 వేస్తే మామూలు వేగంలో ఆ పనికి పట్టే టైమ్ 46.2 సెకన్లు అవుతుంది, నెమ్మదిగా కుట్టిందని 90 వేస్తే 37.8 సెకన్లే. దాని మీద అలసటకీ అవసరాలకీ 15 శాతం కలిపి చూస్తే మొదటి లెక్కలో గంటకు 67 పీసులు, రెండో లెక్కలో 82. ఎనిమిది గంటల షిఫ్టులో 120 కాలర్ల తేడా. అదే మనిషి, అదే మిషన్, అవే 42 సెకన్లు. మారింది నా కన్ను ఒక్కటే.

ఆ కన్ను ఎంత మోసం చేస్తుందో పదేళ్ళుగా కుడుతున్న మనిషిని చూస్తే తెలుస్తుంది. చేయి తిరిగినవాళ్ళు అసలు తొందరపడుతున్నట్టే ఉండరు. బట్ట తీయడం, అంచు కలపడం, మిషన్ పాదం కింద పెట్టడం ఒకదాంట్లోంచి ఒకటి జారిపోతున్నట్టు ఉంటుంది, చూసేవాడికి 'ఈవిడ తాపీగా చేస్తోంది' అనిపిస్తుంది. కొత్తగా చేరిన పిల్ల మటుకు చేతులు వణుకుతూ, రెండుసార్లు తీసి రెండుసార్లు పెడుతూ హడావిడిగా కనిపిస్తుంది, దాన్ని వేగం అనుకుంటాం. పైగా శిక్షణ లేని కన్ను నెమ్మది పనికి ఎక్కువ మార్కులు, వేగం పనికి తక్కువ మార్కులు వేసి అందరినీ నూరు దగ్గరకే లాగుతుంది. నష్టపోయేది నిజంగా వేగంగా చేసేవాళ్ళే.

ఇంకో సంగతి. ఒకరోజు మడతకుట్టు మీద పది పీసులు టైమ్ తీస్తుంటే మధ్యలో బాబిన్ (మిషన్ కింద ఉండే దారం చుట్ట) అయిపోయింది. నాకు నేర్పినట్టే వాచ్ ఆపి, ఆమె కొత్త బాబిన్ వేసి దారం ఎక్కించాక మళ్ళీ నొక్కాను. ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది, "బాబిన్ మార్చింది పని కాదేటి బాబూ?" అని. దాన్ని విడిగా రాసి తర్వాత టైమ్‌లో కలపాలి, కలుపుతాం అన్నాను. కలపలేదు. అప్పటికే పైనుంచి చెప్పేశారు, షిప్‌మెంట్‌కి గంటకు ఇన్ని కావాలి, రేటింగ్ 85 వేసి షీట్ సరిచెయ్యి అని. అంటే కొలిచి టార్గెట్ పెట్టలేదు, టార్గెట్ పెట్టుకుని కొలత రాశాం. మర్నాటి నుంచి ఆమెకు రోజూ సూపర్‌వైజర్ చేత మాటలే.

టైమ్ స్టడీ అనే ఈ విద్య చెడ్డదని నేను అనను. 1881లో ఫ్రెడరిక్ టేలర్ అనే ఇంజనీరు అమెరికాలో మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో స్టాప్‌వాచ్ పట్టినప్పటి నుంచీ దీని మీద బోలెడు పని జరిగింది. మన దేశంలోనూ 1958లోనే జాతీయ ఉత్పాదకత మండలి వచ్చింది. మామూలు వేగం అంటే ఏమిటో అందరికీ ఒకేలా తెలియడానికి కొండగుర్తులు కూడా పెట్టారు: చదునైన నేల మీద బరువు లేకుండా గంటకు 4.8 కిలోమీటర్ల నడక, లేదా 52 పేకముక్కల్ని నలుగురికీ అర నిమిషంలో పంచడం. (పేక విషయంలో మనవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు.) వేగం ముందే తెలిసిన పనుల వీడియోలు చూపించి, రేటింగ్ వేయించి, ఎంత తప్పుతున్నాడో చూసి కన్నుని దిద్దుతారు. అటూ ఇటూ అయిదు శాతం లోపల ఉంటే పనికొస్తాడు. నాకు ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఆ పరీక్ష పెట్టలేదు. చేరిన మూడో రోజే వాచ్ చేతిలో పెట్టారు.

తనిఖీకి వచ్చిన మీ శాఖ అధికారులు మస్టర్ (హాజరు పట్టీ) చూశారు, జీతాల రిజిస్టర్ చూశారు. టైమ్ స్టడీ షీట్ చూపించమని అడిగినవాళ్ళు మాత్రం నాకు తగల్లేదు. పీసు లెక్కన చేసినా కనీస వేతనం తగ్గకూడదని 1948 కనీస వేతనాల చట్టం 17వ సెక్షన్ నాటి నుంచే ఉంది, నిజమే. కానీ టార్గెట్ అందకపోతే జీతం కొయ్యరు సార్, ఇన్సెంటివ్ పోతుంది, టీ బ్రేక్ పోతుంది, బాత్‌రూమ్‌కి వెళ్ళాలంటే సూపర్‌వైజర్ మొహం చూడాలి. ఆ టెన్షన్ ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు.

అందుకని అడిగేది ఇదే. టైమ్ తీసేవాడు పరీక్ష పాసైనవాడై ఉండాలి, ఏడాదికోసారి మళ్ళీ రాయాలి. ఎవరి మీద టైమ్ తీశారో వాళ్ళకి ఆ షీట్ తెలుగులో చూపించాలి, రేటింగ్ ఎంత వేశారో, అలసటకి ఎంత ఇచ్చారో, బాబిన్‌కి ఎంత కలిపారో అందులో కనపడాలి. పని చేసే పద్ధతి మారకుండా టార్గెట్ మార్చకూడదు. ఎవరైనా కాదంటే వాళ్ళ తరఫు మనిషిని పక్కన పెట్టుకుని మళ్ళీ కొలవాలి. రొయ్యల ప్లాంట్లలో ఐసు నీళ్ళలో చేతులు పెట్టి ఒలిచేవాళ్ళకి ఆ చలికి విడిగా టైమ్ కలపాలి, రేటింగ్‌లో సర్దేశాం అంటే ఒప్పుకోవద్దు.

నమ్మకం కుదరకపోతే ఒక ఆదివారం పొద్దున్నే ఆర్‌కే బీచ్‌కి రండి. గంటకు 4.8 కిలోమీటర్లంటే నిమిషానికి 80 మీటర్లు. టేపు, వాచ్ నేను తెస్తాను. మీరు నడవండి, మీతో వచ్చిన అధికారుల్ని మీ నడకకి తలా ఒక రేటింగ్ కాగితం మీద రాయమనండి, పక్కవాడిది చూడకుండా. తర్వాత అవన్నీ ఒకచోట పెట్టి చూద్దాం.

ఇట్లు,
గాజువాక నుంచి ఒక మాజీ టైమ్ స్టడీ ఉద్యోగి