మా గుట్ట బండలూ, ఆదికాండమూ
ఎడిటర్ గారికి నమస్కారం. మా పిల్లోడు ఏడో తరగతి, సండే స్కూల్లో భూమికి ఆరు వేల ఏళ్ళన్నారంట, స్కూల్ పుస్తకంలో ఏమో దాదాపు 454 కోట్ల ఏళ్ళని ఉంది, నాన్నా ఏది రైటు అని అన్నం తింటా తింటా అడిగినాడు. నేను చిన్నప్పట్నుంచి చర్చికి పోయేవాన్నే, ఐనా టక్కున చెప్పలేకపోయినా.

మరుసటి రోజు వాన్ని మా వేంపల్లె పక్కన గుట్ట దగ్గరికి తీసుకుపోయినా. అక్కడ బండల్లో ఎర్రగడ్డ (ఉల్లిపాయ) అడ్డంగా కోస్తే కనపడే పొరల మాదిరి గీతలు ఉంటాయి, స్ట్రోమటొలైట్లు అంటారు, ఇక్కడ సముద్రం ఉన్నప్పుడు కంటికి కనపడని సూక్ష్మజీవులు పొర మీద పొర కట్టినవి, సుమారు 190 కోట్ల ఏళ్ళ నాటివి. పిల్లోడు వేలు పెట్టి పొరలు లెక్కపెడ్తా కూర్చున్నాడు, ఎండ కూడా పట్టించుకోల్యా.

అసలు ఆరు వేలనే లెక్క బైబిల్లో యాడా రాసిలేదు సార్. ఐర్లాండ్‌లో అషర్ అనే ఆర్చిబిషప్ బైబిల్లోని వంశావళుల్లో ఏళ్ళు కూడి క్రీ.పూ. 4004లో సృష్టి అని 1650లో తేల్చినాడు, అదే ఇంకా నడస్తాంది. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో దేవుడు ఆరు రోజుల్లో సృష్టి చేసినాడని ఉంది, అందులో సూర్యుడు నాలుగో రోజు కదా వచ్చేది, మరి మొదటి మూడు రోజులు 24 గంటలని ఎట్ల కొలిచేది? జీవ పరిణామం (ఎవల్యూషన్) గురించి కూడా పోప్ రెండో జాన్ పాల్ అది ఉత్త ఊహ కాదు, అంతకంటే ఎక్కువే అని 1996లోనే అన్నారు (మేం క్యాథలిక్కులం కాదంటారు మావాళ్ళు, సరే).

పిల్లోల్లందర్నీ ఒక ఆదివారం ఆ గుట్టకు తీసుకుపోదామా అని పాస్టర్ గారిని అడిగినా. చూద్దాం లే బ్రదర్ అన్నారు.

- ఒక పాఠకుడు, వేంపల్లె, కడప జిల్లా