దెయ్యం ప్రేమకథల తరఫున నా వకాల్తా

ప్రియమైన వసూ,

నీ ఉత్తరం అందింది. రెండు పేజీల క్షేమసమాచారం అయ్యాక అసలు విషయానికొచ్చావు. "రోజంతా ఆడిట్ లెక్కల్లో తల పెట్టుకునేదానివి, రాత్రయ్యేసరికి దెయ్యాన్ని ప్రేమించిన పిల్ల కథ చదవడమేమిటే, సిగ్గులేదూ?" అని. లేదే. ఉంటే నీ దగ్గర ఆ సంగతి ఎత్తేదాన్నే కాదు. అడిగావు కాబట్టి తీరిగ్గా కూర్చుని చదువు, ఇది పొట్టిగా తేలే ఉత్తరం కాదు.

ముందే చెబుతున్నా, పారానార్మల్ రొమాన్స్ అనే ఈ రకంలో చెత్త బోలెడుంది. అట్ట మీద చొక్కాలేని మగాడు, వెనక నిండు చందమామ, మూలన పళ్ళు బయటపెట్టిన తోడేలు. ఆ అట్టలు చూసి నువ్వు నవ్వితే నేనూ నీతో కలిసి నవ్వుతాను. లోపల కూడా చాలాసార్లు అట్టకి తగ్గ సరుకే ఉంటుంది. కానీ బాగా రాసినవాడి చేతిలో పడితే, మామూలు ప్రేమ నవల చెయ్యలేని పని ఒకటి ఇది చేస్తుంది. నేను దానికోసమే చదువుతాను.

మామూలు ప్రేమ నవలలతో నాకున్న పేచీ నీకు తెలుసు. అతను ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం ఈమె చూస్తుంది. అపార్థం. అక్కణ్ణుంచి వంద పేజీల అలక. ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడించు, పుస్తకం అయిపోతుంది. డబ్బు, అంతస్తు, పెద్దల పంతం అడ్డుపడే కథలకి కాస్త బలం ఉంటుంది కానీ, వాటిల్లోనూ సగానికొచ్చేసరికి "లేచిపోండర్రా, పీడా పోతుంది" అనాలనిపిస్తుంది. అదే, అతను చచ్చిపోయి ఉన్నాడనుకో. ఏం మాట్లాడుకుని తేల్చుకుంటారు? ఎక్కడికని లేచిపోతారు?

ఇప్పుడే ఒకటి పూర్తిచేశాను. పేరు చెప్పను, చెబితే సంపాదించి ముందు చివరి పేజీ చూసేస్తావు, నీ అలవాటు నాకు తెలీదా. కథ చెబుతా. ఒక పాత బంగళాలో మూలుగుతున్న పుస్తకాలకీ ఉత్తరాలకీ జాబితా రాయడానికి ఒకమ్మాయి వస్తుంది. ఆ లైబ్రరీ గదిలో ఒకతను ఉన్నాడు. చనిపోయి చాలాకాలమైంది. మాట్లాడగలడు, వినగలడు, ఆమె పేజీ తిప్పితే వెనక నుంచి చదవగలడు. వస్తువుల్ని ముట్టుకోగలడు కూడా, కాకపోతే ముట్టుకున్న ప్రతిసారీ అతని జ్ఞాపకాల్లో ఒకటి పోతుంది. ఏది పోతుందో అతని చేతిలో లేదు. పోయాక, అది ఉండేదని కూడా గుర్తుండదు.

ఇక ఒక్క సీను చెబుతాను, దాన్నిబట్టి నువ్వే తేల్చుకో. ఆమె రాత్రి పనిచేస్తూ బల్లమీదే తల వాల్చి నిద్రపోతుంది. వాన మొదలవుతుంది. కిటికీ రెక్క తెరిచి ఉంది, జల్లు బల్లమీది కాగితాల మీద పడుతోంది. ఇతను పిలుస్తాడు, ఆమె లేవదు. కిటికీ గడియ తుప్పుపట్టి బిగుసుకుపోయి ఉంది. ఒకసారి లాగుతాడు, కదలదు. మళ్ళీ లాగుతాడు. ఇంకోసారి. రెక్క పడుతుంది. చాప్టర్ అయిపోయింది. ఏం పోయిందో రచయిత్రి ఒక్క ముక్క చెప్పదు. తెల్లారి ఆమె ఉత్తరాల కట్ట విప్పుతూ, "ఇదిగో, మీ చెల్లెలు మీకు రాసింది దొరికింది" అంటుంది సంతోషంగా. కాసేపు ఉలుకూ పలుకూ ఉండదు. తరవాత అతనడుగుతాడు, "నాకు చెల్లెలుందా?"

అక్కడ పుస్తకం మూసి కాసేపు గోడకేసి చూస్తూ కూర్చున్నాను. ఆ తరవాత ఆమె చేసే పని ఇంకా నచ్చింది. ఏడవదు, ప్రేమిస్తున్నానని చెప్పదు. ఆ రోజునుంచీ సాయంత్రం అయ్యేసరికి కిటికీలన్నీ తానే మూసి, రెక్కలకి పురికొస చుట్టి ముడేస్తుంది. ఊగే తలుపుకింద చెక్కముక్క దూర్చుతుంది. దీపం బల్ల అంచున ఉంటే లోపలికి జరుపుతుంది. అతనికి తనకోసం చెయ్యి చాపాల్సిన అవసరమే రాకుండా గదంతా సర్దుకుంటుంది. పుస్తకంలో ఒక్క కౌగిలి లేదే! అతను ఆమె చెయ్యి పట్టుకుంటే పోయేది ఆమె గురించిన జ్ఞాపకమే కావచ్చు కదా. పురికొస ముడి వేస్తుంటే గుండె పట్టేసినట్టయింది నాకు. ఏ ముద్దు సీనుకీ అంత పని కాలేదు.

నేను చెప్పే ఆకర్షణ ఇదే వసూ. దెయ్యం కాదు, దెయ్యానికున్న షరతు. షరతు గట్టిగా ఉంటే ప్రతి చిన్న పనికీ ఖరీదుంటుంది. ఎవరు ఎవరికోసం ఎంత ఖర్చుపెడుతున్నారో కళ్ళకి కనిపిస్తుంది. లెక్కల మనిషిని కదా, నాకు నచ్చక ఏమవుతుంది!

ఇదేదో నిన్నమొన్న పుట్టిన పిచ్చి అనుకోకు. పురూరవుడు, ఊర్వశి లేరూ? ఋగ్వేదం పదో మండలంలోనే వాళ్ళిద్దరి సంవాదం ఉంది, 95వ సూక్తం. అప్పటికే ఆమె వదిలేసి వెళ్ళిపోయింది, ఇతను వెంటపడి బతిమాలుతుంటాడు. షరతు సంగతి శతపథ బ్రాహ్మణం చెబుతుంది, అతను బట్టల్లేకుండా ఆమె కంట పడకూడదని. గంధర్వులకి ఆమెని వెనక్కి రప్పించుకోవాలి. రాత్రిపూట వచ్చి, ఆమె మంచానికి కట్టేసి పెంచుకుంటున్న గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతారు. ఆమె కేకలకి ఇతను ఉన్నపళంగా దూకుతాడు. సరిగ్గా అప్పుడే మెరుపు మెరిపిస్తారు. అంతే, ఆమె మాయం. ఎంత కట్టుదిట్టంగా అల్లారో చూడు! ఆమె కోసం పరిగెత్తడమే ఆమెని పోగొట్టుకోవడమైంది. ఇప్పటి రచయితలు మూడువందల పేజీల్లో చెయ్యాలని తంటాలు పడేది ఇదే.

మన పెద్దన వరూధిని సంగతి సరేసరి. ప్రవరుడు కాదు పొమ్మన్నాక, ఆమె మీద మనసుపడ్డ గంధర్వుడొకడు ప్రవరుడి వేషంలో వస్తాడు. మూలమైన మార్కండేయ పురాణంలో వాడు షరతు కూడా పెడతాడు, దగ్గరైనప్పుడు కళ్ళు మూసుకోవాలని. బళ్ళో మనకి ప్రవరుడి నిష్ఠ గురించి చెప్పి ఊరుకున్నారు గానీ, నాకు మాత్రం ఎప్పుడూ ఆ మాయప్రవరుడి గురించే గుబులు. ఇంకొకడి ముఖం వేసుకుని ప్రేమ పొందినవాడికి, ఆ ప్రేమ తనకి దక్కినట్టా, దక్కనట్టా? ఇవాళ ఎవరైనా దీన్ని నవలగా రాస్తే రాత్రంతా మేలుకుని చదువుతాను. నువ్వూ చదువుతావు, అట్టకి కాగితం చుట్టుకుని.

పడమటి వాంపైర్ల సంగతీ చెప్పాలి, నీ ఉత్తరంలో వాళ్ళనే కదా ఎక్కువ ఆడిపోసుకున్నావు. తూర్పు ఐరోపా పల్లెల్లో జనం భయపడ్డ రక్తపిశాచి అందగాడు కాదే. ఉబ్బిపోయి ఎర్రబారిన శవం. దానికి కోటు తొడిగి, ప్రభువుల ఇళ్ళలోకి పంపినవాడు పోలిడోరి అనే కుర్ర డాక్టరు. 1815లో ఇండోనేసియాలో తంబోరా అగ్నిపర్వతం పేలి, ఆ బూడిద దెబ్బకి మరుసటి ఏడు ఐరోపాలో వేసవే సరిగా లేదు. జెనీవా సరస్సు ఒడ్డున ఇంట్లో చిక్కుకున్న కవి బైరన్, అతని అతిథులు వానకి విసుగెత్తి దయ్యాల కథలు రాద్దామని పందెం వేసుకున్నారు. వాళ్ళల్లో ఒకరైన మేరీ షెల్లీ రాసిన ఫ్రాంకెన్‌స్టైన్ నవల పుట్టిందీ అక్కడే. పోలిడోరి ఆ బైరన్ వైద్యుడే. యజమానితో అతనికి పడేది కాదు. 1819లో అచ్చయిన కథలో తన వాంపైర్‌కి బైరన్ పోలికలు పెట్టి కసి తీర్చుకున్నాడు. ఒక డాక్టరు అక్కసులోంచి ఇంతమంది హీరోలు పుట్టుకొచ్చారన్నమాట.

తరవాత వచ్చినవాళ్ళంతా షరతులు మార్చుకుంటూ పోయారు. 1897 నాటి నవలలో డ్రాకులా అనే వాంపైర్ పగటిపూట వీధిలో తిరుగుతాడు, శక్తి తగ్గుతుందంతే. ఎండ తగిలితే చావడమనేది 1922లో వచ్చిన నోస్ఫెరాటు అనే మూకీ సినిమా పుణ్యం. 2005లో ట్విలైట్ నవల వచ్చేసరికి ఎండలో చావు పోయి చర్మం మెరవడం మొదలైంది. నువ్వు తిట్టింది ఇదేగా? నాకూ నచ్చలేదు, కానీ నా కారణం వేరు. ఎండంటే భయం పోయాక అతనికి పోయేదేముంది? తళతళ మెరవడం ఒక కష్టమా!

నాకు అన్నిటికంటే ఇష్టమైన పాత నియమం ఇంకోటుంది. ఇంటివాళ్ళెవరైనా మొదటిసారి లోపలికి రమ్మంటే తప్ప వాంపైర్ గడప దాటలేడు. డ్రాకులాలోనే ఉంది. భయం కథలో అది ఎర, మోసపోయి పిలుస్తారు. అదే నియమం ప్రేమకథలోకి వచ్చేసరికి పూర్తిగా తిరగబడింది. తలుపు ఒంటిచేత్తో పీకెయ్యగలవాడు బయట నిలబడి ఆమె "రా" అనేదాకా కాచుకుంటాడు. మన చిన్నప్పటి సీరియల్ నవలల హీరోలు గుర్తున్నారా? చెయ్యి పట్టి లాగడం, కారుకి అడ్డంగా నిలబడటం, కాదంటే చెంప మీద కొట్టడం, అదంతా మగతనం కింద చెల్లిపోయేది. వాళ్ళు మనుషులు. ఈ పిశాచానికి మాత్రం అనుమతి కావాలి. బలం ఉండి కూడా వాడకపోవడం చూస్తుంటే వచ్చే హాయి ఉందే, ఈ నవలలకి అలవాటుపడ్డ ఆడవాళ్ళని ఎవర్నడిగినా చెబుతారు.

అలాగని అన్నిటినీ వెనకేసుకురాను. ఆమె నిద్రపోతుంటే చెప్పకుండా గదిలో నిలబడి రాత్రంతా చూసే హీరో నాకు ససేమిరా వద్దు. పోలీసుల్ని పిలవాల్సిన సీనుకి వెనక వీణ వాయిస్తారు. వందల ఏళ్ళు బతికినవాడు స్కూలు పిల్ల వెంటపడటం గురించి నువ్వు రాసిన నాలుగు వాక్యాలూ అక్షరాలా ఒప్పుకుంటాను. ఇక హీరో తోడేలుగా మారే నవలల్లో ఒక తంతు ఉంది. వాసన తగలగానే ఈమే నా జోడీ అని విధి తేల్చేస్తుంది, ఇంక ఇద్దరికీ తప్పదు. చాలామందికి అదే మత్తు, తమని వదిలిపోలేనివాడు ఒకడున్నాడన్న ధీమా. నాకు మాత్రం అక్కడే కథ చచ్చిపోతుంది. వదిలిపోగలిగినవాడు ఉండిపోతేనే కదే ముచ్చట!

ముగింపు గురించి చెప్పి ఆపేస్తాను. భయం కథ ఎలాగైనా ముగియొచ్చు, దెయ్యాన్ని తగలెయ్యొచ్చు, దెయ్యమే గెలవొచ్చు. రొమాన్స్ అని అచ్చేశాక చివర జంట కలవాలి, కనీసం ఆశ మిగలాలి. ఒకరు చచ్చి, ఒకరు బతికి ఉంటే ఎలా కలుపుతావు? ఎక్కువమంది రెండు దారుల్లో ఒకటి పడతారు. అతను మళ్ళీ మనిషైపోతాడు, లేదా ఆమె అతనిలా మారిపోతుంది. రెండూ నాకు కాస్త మోసంగానే ఉంటాయి, మూడువందల పేజీలు పట్టుకొచ్చిన షరతుని చివర్లో కొట్టిపారేసినట్టు. ఎవరూ మారకుండా, షరతు షరతుగానే ఉంచి కలపడం మూడో దారి. నేను చెప్పిన నవల ఆ దారి పట్టింది. ఎలాగో చెప్పను. ఆ అమ్మాయికి జాబితాలు రాసే ఉద్యోగం ఊరికే పెట్టలేదని మాత్రం గుర్తుంచుకో.

పుస్తకం విడిగా పంపుతున్నాను. చివరి పాతిక పేజీల్నీ క్లిప్పు పెట్టి బిగించాను, కవరు విప్పగానే అటు చెయ్యి పోకుండా. తిరిగి పంపేటప్పుడు క్లిప్పు పంపనక్కర్లేదు, నీ అభిప్రాయం పంపు. దీనికి రెండో భాగం వస్తోందట, అందులో బంగళాలోకి ఇంకో దెయ్యం దిగుతుందట, అది ముట్టుకున్నా ఏమీ పోదట. నేను కొనను.

నీ
పద్మ