రాయలసీమలో మన లంక

కర్నూలు

మామా,

ఫోన్లో చెబితే రెండు నిమిషాల్లో అయిపోతుంది, అందుకే రాస్తున్నాను. మొన్న ఆదివారం మన ఊరికి పోయొచ్చాను. నవ్వకు, ఊరంటే ఊరే. శ్రీశైలం నీళ్లు 885 అడుగులు నిండితే కనిపించకుండా పోయే మన ఊరు, శివరాత్రి దాటాక మెల్లగా వీపు తేల్చింది. ఇప్పుడు చుట్టూ నీళ్లు, మధ్యలో దిబ్బ. కోనసీమోళ్లు లంక లంక అని గొప్పలు పోతారే, కరువు సీమలో మనకూ ఒకటుంది! నీళ్లు ఇంకా తగ్గితే ఒడ్డుతో కలిసిపోతుంది కాబట్టి, లంక ముచ్చట ఏడాదికి నెలో నెలన్నరో అంతే.

అమ్మ పట్టుబట్టింది. తెల్లారకముందే లేచి జొన్నరొట్టెలు, బుడ్డల పొడి మూట గట్టింది. నందికొట్కూరులో ఉగ్గాని బజ్జి తినిపిస్తానంటే ఒప్పుకోలేదు. "ఊరికి పోతా హోటల్ తిండేందిరా" అంది. ముచ్చుమర్రి దాటి ఒడ్డుకు చేరేసరికి తొమ్మిది. ఇంజను పడవ మాట్లాడుకున్నాం. నడిమధ్యలో అది ఆగిపోయింది. నాకు ఈత రాదని నీకు తెలుసు కదా, ఒకటే టెన్షన్. పడవ అబ్బాయి తాపీగా తాడు లాగుతూనే ఉన్నాడు. అమ్మేమో నీళ్లలోకి వంగి చూసి, "ఇది మన చింతతోపు" అంది. చింతచెట్ల నెత్తిన కూచున్నామన్నమాట!

దూరంగా సంగమేశ్వరం గుడి శిఖరం తేలింది. అక్కడ కలిసే ఏడు నదుల పేర్లు ఒక్క గుక్కలో చెప్పే పందెం గుర్తుందా? తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమరథి, మలాపహారిణి, భవనాశి. నువ్వెప్పుడూ మలాపహారిణి దగ్గర తడబడి మళ్లీ మొదటికొచ్చేవాడివి. నీళ్లు బాగా తీసిన ఓ ఏడాది లోపలికి పోయి వేప లింగాన్ని చూశాను. 1981లో మునిగింది మొదలు నెలల తరబడి నీళ్లలో నానే కొయ్య, చెక్కు చెదరలేదు. మా ఇంటి టేకు తలుపును మాత్రం అంత కష్టపడి కర్నూలుకు తెచ్చుకుంటే పదేళ్లకే చెదలు తినేసింది.

దిబ్బ మీద కాలు పెడితే పటపటమని చప్పుడు. ఒండ్రు ఎండి పెంకుల్లా లేచింది, దాని మీదంతా నత్తగుల్లలు. ఎక్కడా గోడ లేదు. పునాదిరాళ్లు, బండలు, ఒక పగిలిన గాబు. నేను దిక్కులు చూస్తుంటే అమ్మ నడక మొదలుపెట్టింది. బావి దగ్గర ఎడమకు తిరిగింది, బావి ఎప్పుడో పూడిపోయింది. మీ ఇంటి గోడ ఉండే చోట కొంగు దగ్గరికి తీసుకుని పక్కకు ఒదిగి నడిచింది. ఆ సందు ఇరుకు కదా మరి! నేను అడ్డంపడి పోయి ఆమెకన్నా ముందే చేరుకున్నాను.

"చెప్పులు తియ్యరా, వంటింట్లో నిలబడ్డావు" అని అరిచింది.

తీశాను. కాళ్లు చుర్రుమన్నాయి. అరచేత్తో మట్టి తోస్తూ పోతే మా రోలు బయటపడింది, గుంట నిండా ఒండ్రు. వేలితో తవ్వి, కొంగుతో తుడిచి, అందులో ఓ రొట్టె ముక్క పెట్టింది. ఎవరికని నేనూ అడగలేదు. రోలు పక్కనే కూచుని మిగతావి ఇద్దరం తిన్నాం.

ఏడ్చి ఉంటుందనుకుంటున్నావేమో, లేదు మామా. మోకాళ్ల నొప్పులని కర్నూల్లో డాబా మెట్లెక్కని మనిషి, రెండు గంటలు ఇల్లిల్లూ తిరిగింది. ఇది వాళ్ల పశువుల కొట్టం, ఇక్కడే నీకు కుక్క కరిచింది, ఇదిగో అంగడి మెట్టు. ఒకటే మాటలు. మునిగిన ఊళ్లోళ్లకు ఉద్యోగాలిస్తామన్న 98 జీవో సంగతి మాత్రం ఆ రోజు ఎవరం ఎత్తలేదు. నేనూ ఎత్తను, ఎత్తితే ఈ కాయితం చాలదు.

రోలు పడవలో వేసుకుందామా అన్నాను. "ఇల్లు ఖాళీ చేస్తావా?" అంది.

నువ్వు ఈ నెలలోనే రా. పైన జూరాల, సుంకేసుల గేట్లు ఎత్తారంటే మళ్లీ ఏమీ మిగలదు. బెంగళూరులో రాత్రి బస్సెక్కితే తెల్లారికి ఇక్కడుంటావు. మీ అరుగు బండ ఒకటి అట్లే ఉంది. దాని మీద కొంగ కూచోనుంది. రాయి తీసుకోబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఉండనీలేరా, వాళ్లింట్లో ఎవరో ఒకరున్నారు కదా" అంది.

నీ
మామ