ఫోటో టీమ్‌కి చిన్న మాట

అందరికీ నమస్తే. మన పార్కులో రోలర్ కోస్టర్ మీద ఆటోమేటిక్ కెమెరా ఎలాగూ ఉంది, బండి సెన్సర్ దాటగానే అదే క్లిక్‌మంటుంది. మన పని ఆ తర్వాతే. కాళ్లు వణుకుతున్నా "మళ్లీ ఎక్కుదాం" అని నాన్న చొక్కా పట్టుకు లాగే పిల్ల ఉంటుంది చూడండి, ఆమెను ఫోటోలో పట్టుకోవాలి. బొమ్మ వేషం వేసుకున్నవాళ్ల దగ్గరికి పరుగెత్తేవాళ్లకంటే అమ్మ వెనక నుంచి తొంగిచూసే పిల్లలే నాకిష్టం. మోకాళ్ల మీద కూర్చోండి, లెన్స్ వాళ్ల కళ్ల ఎత్తుకు రావాలి. పిల్లలు పరుగులో ఉంటే షట్టర్ స్పీడ్ 1/500 సెకనుకి తగ్గనివ్వొద్దు. "స్మైల్ ప్లీజ్" నవ్వులు అమ్ముడుపోతాయి, కాదనను. కానీ పోజు అయిపోయిందనుకుని అందరూ ఊపిరి వదులుతారే, అప్పుడు ఇంకో రెండు క్లిక్‌లు కొట్టండి. ఏడ్చే పిల్లల్ని మాత్రం పెద్దవాళ్లు అడిగితేనే తీయండి. మిట్టమధ్యాహ్నం టోపీల కింద మొహాలు నల్లగా వస్తాయి, ఫ్లాష్ మర్చిపోకండి.